మైల తీరాక పుట్టే కణాలు

దోసె తిరగేస్తుండగా మా ఆయన సురేంద్ర ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, "పెద్దయినాంక గూడా మెదడులో కొత్త న్యూరాన్లు పుడతాయంట సౌజన్యా. దినామూ నడిస్తే చాలంట. నువ్వేమో ఊరికే దిగులు పెట్టుకోని కూర్చుంటావు," అన్నాడు. అతను అప్పుడే నడక ముగించుకుని వచ్చాడు. దోసె అతని కోసమే. నేను ఎప్పుడు నడవాలో ఆ పాడ్‌కాస్ట్‌లో చెప్పినట్టు లేదు.

నేను మణికొండలో ఒక స్కూల్లో సైన్స్ చెబుతాను. "ఎలుకల్లో పుడతాయని తేలిందండీ. మనుషుల్లో ఏ మేరకో ఇంకా వాదన నడుస్తూనే ఉంది," అన్నాను.

"నీది టెన్త్ క్లాస్ సైన్స్ లే. ఇది రీసెర్చ్," అని నవ్వి, చట్నీ అడిగాడు.

అమ్మ పోయి రెండో నెల. పెళ్లయిన కూతురికి మైల మూడు రోజులే. కూకట్‌పల్లిలో తమ్ముడికి కర్మ అయ్యేదాకా ఉంది. నాకు నాలుగో రోజు మా అత్తగారు అనసూయమ్మ ఫోన్ చేసి, "నీకు మైల తీరిపాయ కదమ్మా. తలకు పోసుకోని వచ్చెయ్. వాడు బయటి కూడు తినలేక అవస్థ పడతాండాడు," అన్నారు. వచ్చేశాను. ఎలుక మెదడులో పుట్టిన కణం కూడా ఎదిగి, చుట్టూ ఉన్నవాటితో కలవడానికి వారాలు తీసుకుంటుంది. దాన్ని ఎవరూ వంటింట్లోకి పిలవరు.

అప్పటినుంచి ఏవేవో మరిచిపోతున్నాను. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. అతని ఆఫీసు బ్యాడ్జి ఎక్కడ పెట్టానో ఇల్లంతా వెతికాను. పెట్టింది నేను కాదని తర్వాత గుర్తొచ్చింది. అత్తగారి బీపీ మాత్రలు, గ్యాస్ బుకింగ్, ఇస్త్రీకి వెళ్లిన చొక్కాలు, ఇవన్నీ నా తలలోనే ఉండాలని ఎవరూ చెప్పలేదు, కానీ ఉన్నాయి. వాటి మధ్యకు అమ్మ వచ్చి కూర్చుంది. కొంచెం ఇరుకైంది. "ఎంత షార్ప్‌గా ఉండేదానివి!" అంటాడు సురేంద్ర, వాషింగ్ మెషీన్ గురించి అన్నట్టు. అతనికి కావలసింది నాలో కొత్త కణాలు కాదు, పాత నేను.

శుక్రవారం సాయంత్రం ఒక పసుపుపచ్చ టీషర్టు తెచ్చాడు. ఆదివారం నానక్‌రామ్‌గూడలో వాళ్ల ఆఫీసు కుటుంబాలన్నీ కలిసి నడుస్తాయట. నా పేరు ఇచ్చేశాడు.

"ఆదివారం అమ్మ మాసికం," అన్నాను.

"చేసేది మీ తమ్ముడు గదా?"

"మగబిడ్డ పని అది. నువ్వు పోయి ఏం జేస్తావు, ఇస్తరాకులు ఎత్తేదానికా?" అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పకుండానే అన్నారు.

"అందరి వైఫ్‌లూ వస్తాండారు. నీ బుర్రకే మంచిది. నాకోసమా చెప్పేది?" అన్నాడు సురేంద్ర.

ఎలుకల గురించి ఇంకో సంగతి కూడా చదివాను. కొత్తగా పుట్టిన కణాల్లో చాలావరకు వాటంతటవే చచ్చిపోతాయి. ఏదైనా కష్టమైనది నేర్చుకుంటే మరికొన్ని బతుకుతాయి.

టీషర్టు మడిచి అతని చేతికిచ్చాను.

"నేను రాను. ఆదివారం కూకట్‌పల్లి వెళ్తున్నాను. తిరిగి ఎప్పుడొస్తానో అక్కణ్ణుంచి చెబుతాను."

ఈ ఇంట్లో నేను 'రాను' అనడం అదే మొదలు. కష్టంగానే ఉంది.