నీళ్ళపిల్ల వాళ్ళమ్మ

ఆసుపత్రి వరండాలో మోకాలిలోతు సముద్రం ఉంది, దానికి ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు. సత్యవేణి చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, రెండో చేత్తో నీలం అట్ట పుస్తకాన్ని తడవకుండా నెత్తిమీద ఆనించుకుని, మంచాల మధ్య నుంచి చచ్చిపోయిన అత్తగారిని వెతుక్కుంటూ నడుస్తోంది. మంచాల మీద రోగులు లేరు. ఒక్కో మంచం మీద ఒక్కో ఆడపిల్ల, పదీ పన్నెండేళ్ళది, కాళ్ళు నీళ్ళలో ఆడిస్తూ కూర్చుని ఉంది.

వాళ్ళెవరో సత్యవేణికి తెలుసు. ఎండాకాలం సెలవుల్లో చదవమని కూతురు జోషితకి బళ్ళో ఇచ్చిన అయిదు కథల పుస్తకాల్లోని పిల్లలు వాళ్ళు, ఒక్కో పుస్తకంలో ఒక్కో ఆసియా దేశపు పిల్ల. వాళ్ళ పేర్లు అత్త మసేనమ్మకి ఎప్పుడూ నోరు తిరగలేదు, అందుకని మంగోలియా పిల్లని గుర్రప్పిల్ల అనీ, సిలోను కొండల్లో ఆకు కోసేదాన్ని తేయాకు పిల్ల అనీ, జపాను దాన్ని మంచుపిల్ల అనీ, కంబోడియా దాన్ని పడవపిల్ల అనీ, పక్కింటి పిల్లల్ని పిలిచినట్టే పిలిచేది. అయిదోదేమో కొరియా దీవిలో, సముద్రంలో మునిగి గవ్వలూ నాచూ ఏరుకొచ్చే తల్లి కూతురు, నీళ్ళపిల్ల. సత్యవేణి నెత్తిమీదున్న నీలం అట్ట పుస్తకం దానిదే.

నీళ్ళపిల్ల మంచం ఖాళీగా ఉంది. దుప్పటి తడిసి ఉంది.

"మా అత్తని చూశారా?" అని అడుగుతుంది సత్యవేణి.

"చివర్న ఉంది," అంటుంది గుర్రప్పిల్ల, జడ ముడేసుకుంటూ. "మమ్మల్ని నలుగుర్నీ నీ కూతురే పైకి చదివి వినిపించింది. నీళ్ళపిల్లనొక్కదాన్నే మీ అత్త సొంతంగా చదువుకుంది. అందుకే దాన్ని దగ్గర కూచోబెట్టుకుంది."

"ఏ పేజీ దాకా?" అని పడవపిల్ల అడుగుతుంది, ఏమీ తెలియనట్టు.

సత్యవేణి పుస్తకాన్ని ఇంకా గట్టిగా అదిమిపట్టుకుని నడుస్తుంది, నడుస్తూండగా వరండా ఎప్పుడు ఆగిపోయిందో, గోడలు ఎక్కడ పడిపోయాయో తెలియదు, ఇప్పుడది ఉప్పాడ ఒడ్డు, సముద్రం సగం కొరికేసిన ఇళ్ళూ, పైన ఎండ, రాళ్ళమీద పరిచిన ఎండుచేపలూ, వాటిని ఒక్కోటీ తిరగేస్తూ మసేనమ్మ. ఆయాసం లేదు. బతికున్నప్పుడు గుమ్మం దాకా వచ్చేసరికి ఈల వేసినట్టు మోగే ఆ ఛాతీ ఇప్పుడు చప్పుడు చెయ్యడం లేదు. ఆమె పక్కన ఒక పిల్ల వీపు ఇటు తిప్పి, సముద్రం కేసి చూస్తూ, పెదాలు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకుంటోంది.

"జాకెట్లు ఇచ్చేసేవేటే?" అంటుంది మసేనమ్మ, తల ఎత్తకుండా.

"ఇచ్చేశాను అత్తా."

"మెడ లోతెక్కువైందని పెళ్ళికూతురి తల్లి గొడవెట్టిందా?"

"పెట్టింది."

"నే సెప్పేను. ఇన్నావా నువ్వు? నువ్వెప్పుడిన్నావులే."

ఆ జాకెట్లే అసలు సంగతి. మే నెల, పెళ్ళిళ్ళ రోజులు, ఇంట్లో కుట్టు మిషను పొద్దున్నించీ ఆగేది కాదు. అరవై రెండేళ్ళు చేపల బుట్ట తప్ప ఇంకోటి ఎరగని మసేనమ్మ, అంతకుముందు ఏడాదంతా మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకుని, సెలవుల్లో రోజుకి రెండు పేజీలూ మూడు పేజీలూ కూడబలుక్కుంటూ, అరవై ఒకటో పేజీకి వచ్చింది. అక్కడ నీళ్ళపిల్ల వాళ్ళమ్మ మునుగుతుంది. మునిగి, పైకి రాదు. నీళ్ళమీద ఆవిడ ఆసరాగా పట్టుకుని ఈదే ఎండు సొరకాయ బుర్ర ఒక్కటే తేలుతూ ఉంటుంది, పడవలో పిల్ల లెక్కపెడుతూ ఉంటుంది. ఆ మధ్యాహ్నం మసేనమ్మ అయిదోసారి పుస్తకం పట్టుకుని మిషను దగ్గరికొచ్చింది. కథ చెప్పమని రాలేదు. ఒక ఒత్తు దగ్గర ఆగిపోయి, "ఇదేటే వేణీ?" అని అడగడానికి వచ్చింది, అంతే.

సత్యవేణి పళ్ళమధ్య గుండుసూదులున్నాయి. వాటి సందుల్లోంచే అంది: "ఎందుకత్తా ఇంత యాతన? ఆ తల్లి రాదు, చచ్చిపోతుంది, పిల్ల బతుకుతుంది. అయిపోయింది కథ. నన్నింక కుట్టుకోనీ."

మసేనమ్మ కళ్ళజోడు తీసి, పైటచెంగుతో తుడిచి, "ఓహో" అంది. తొమ్మిది రోజుల తర్వాత ఆసుపత్రిలో, ముక్కుకి గొట్టం పెట్టుకుని, పోయింది.

"అత్తా," అంటుంది సత్యవేణి, ఇసుకలో చతికిలబడి, "ఆవిడ పైకి వస్తుంది. అరవై ఎనిమిదో పేజీలో. కాలికి చుట్టుకున్న వలని కత్తితో కోసుకుని వస్తుంది. నేను నా కళ్ళతో చూశాను."

"సదివేవా?"

"చదివాను."

"ఎప్పుడు?"

"నీ పెద్దకర్మ అయ్యాక."

మసేనమ్మ చేతిలో చేప ఆగుతుంది. "మరి అప్పుడు సెప్పినదేటి?"

"చదవకుండా చెప్పాను. అలాగే ఉంటుందనుకున్నాను."

మసేనమ్మ నవ్వుతుంది, ఉన్న నాలుగు పళ్ళూ కనబడేలా నవ్వుతుంది. "అమ్మో. సదువుకున్నోళ్ళు సదవకుండా కూడా సెప్పగలరేటే? ఆ ఇద్దె నాకు తెలీదు సుమా."

"చూడత్తా, ఇదిగో, ఇక్కడుంది," అని సత్యవేణి పుస్తకం తెరుస్తుంది, కానీ అరవై ఎనిమిదో పేజీలో ఎవరివో జాకెట్టు కొలతలున్నాయి, భుజం, చంక, చెయ్యి పొడుగు, తిప్పితే మళ్ళీ అవే, ఇంకోటి తిప్పితే గడ్డిమైదానంలో గుర్రప్పిల్ల, ఆ తర్వాతది తెల్లకాగితం, దానిమీద నల్లటి చిన్న చేపపిల్లలు అటూ ఇటూ పారిపోతున్నాయి, వేలు పెడితే చెదిరిపోతున్నాయి. ఎట్టకేలకు ఆ పేజీ దొరుకుతుంది. అది తీసి అత్త ఒళ్ళో పెడుతుంది.

మసేనమ్మ దాన్ని తలకిందులుగా పట్టుకుని కాసేపు చూసి, తిరిగి ఇచ్చేస్తుంది. "నాకిప్పుడు అచ్చరాలు రావే. అక్కడే దింపేసి రమ్మన్నారు."

"ఎవరు?"

"ఎవులో. కళ్ళజోడూ, అచ్చరాలూ. బుట్ట ఉంచుకోమన్నారు."

"అయితే నేను చదువుతాను, నువ్వు విను," అని సత్యవేణి నోరు తెరుస్తుంది, గొంతు రాదు, నాలుక కింద సూదులు గుచ్చుకుంటాయి, వాటిని ఒక్కోటీ తీసి అరచేతిలో పెట్టుకుంటూ ఉంటే ఇంకా వస్తూనే ఉంటాయి. పేజీలో ఒక్క మాట కూడా చదవకుండానే ఎండ వాలిపోతోంది. చివరికి నోరు ఖాళీ అయ్యాక ఆమె నోట్లోంచి వచ్చింది కథ కాదు, ఇన్నాళ్ళూ మొగుడితో కూడా అనలేకపోయిన మాట.

"నేనలా అన్నందుకేనా అత్తా, నువ్వు..."

"ఏటి, సచ్చిపోవడమా?" మసేనమ్మ మూతి తిప్పుతుంది. "ఓసి నీ తెలివి తగలెయ్య. ఆయాసంతో పోయేనని డాట్రు సెప్పలేదా? నీ మాటలకి మనుషులు పోయేలాగైతే నా కొడుకు పెళ్ళైన ఏడాదికే పోయుండును."

సత్యవేణి ఏడుస్తూనే నవ్వుతుంది, గుండెల మీంచి ఏదో దిగినట్టవుతుంది, ఒక్క క్షణమే.

"సదవడం మానేసింది మాత్రం నీవల్లే," అంటుంది మసేనమ్మ, కోపం లేకుండా, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు. "తొమ్మిది రోజులు తలాపునే ఉంది పుస్తకం. తెరిస్తే ఆమె మళ్ళీ మునగాల, నేను మళ్ళీ సూడాల. రాదని తెలిసేక ఎందుకే ఆ ముండమోసిన సూపు?"

"కానీ వస్తుంది! అత్తా, వస్తుంది! ఏడు పేజీలంతే!"

"పోన్లే. అరవకు. పిల్ల లెక్క తప్పుతాది."

దూరంగా నీళ్ళమీద సొరకాయ బుర్ర తేలుతోంది. నీళ్ళపిల్ల లెక్కపెడుతోంది, ఆమె భాషలో, కానీ అది సత్యవేణికి అర్థమవుతోంది, నలభై, నలభై ఒకటి. సత్యవేణి సముద్రంలోకి పరిగెత్తబోతుంది, పాదాలు కదలవు. ఆగండి, ఆగండి, అంటోంది, ఆ మాట ఎవరికీ వినబడుతున్నట్టు లేదు. మసేనమ్మ మోకాళ్ళమీద చేతులానించి లేచి, తన బుట్ట తీసి, చుట్టకుదురు సరిచేసి, ఆ పిల్ల నెత్తిన పెడుతుంది.

"తల్లి రాలేదు," అంటుంది, పాఠం అప్పజెప్పినట్టు. "పిల్ల బుట్ట నెత్తినెట్టుకుని ఒక్కత్తీ ఇంటికెళ్ళి, పొయ్యి ఎలిగించుకుంది."

"అలా లేదత్తా. పుస్తకంలో పొయ్యే లేదు."

"నాకాడున్నది అదేనే," అంటుంది మసేనమ్మ, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నడుస్తూ. వాళ్ళు సముద్రం కేసి కాకుండా, పడిపోయిన ఇళ్ళ కేసి నడుస్తున్నారు, బుర్ర అక్కడే ఊగుతూ ఉంది, అది కదులుతుందేమోనని సత్యవేణి ఒక్కతే చూస్తూ ఉంది.

"అమ్మా. అమ్మా, లే."

మధ్యాహ్నం మూడున్నరైంది. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది, చాప అచ్చులు సత్యవేణి చెంపమీద పడ్డాయి. జోషిత పక్కన కూర్చుని, అట్టకి క్లిప్పు పెట్టిన కాగితం ఒకటి ముందుకి తోసింది.

"రేపే బడి. ఇక్కడ సంతకం పెట్టు."

సెలవుల్లో చదివిన పుస్తకాల వివరాలు రాయమని బళ్ళో ఇచ్చిన కాగితం. గళ్ళు గీసి ఉంది. కథానాయిక ఏ దేశం, ఎవరు చదివారు, ఎన్ని పేజీలు, కథ చివర ఏమైంది. నాలుగు వరుసల్లో జోషిత పేరుంది. అయిదో వరుసలో, కొరియా పక్కన, గుండ్రటి అక్షరాలతో, 'మైలపల్లి మసేనమ్మ (నానమ్మ)' అనీ, '61' అనీ రాసి ఉంది. దాని పక్క గడిలో: 'తల్లి రాలేదు. పిల్ల బుట్ట నెత్తిన పెట్టుకుని ఒక్కతే ఇంటికి వెళ్ళి పొయ్యి వెలిగించుకుంది.'

సత్యవేణి దాన్ని రెండుసార్లు చదివింది.

"ఇదెప్పుడు రాశావే?"

"నానమ్మ ఆసుపత్రికి వెళ్ళకముందు. తను చెబుతుంటే రాశాను." జోషిత గోరు కొరుక్కుంది. "తప్పని నాకు తెలుసమ్మా. వాళ్ళమ్మ వస్తుంది నానమ్మా, నేను తర్వాతి పేజీలు తిరగేసి చూశాను అని చెప్పాను కూడా. నమ్మలేదు. మీ అమ్మ డిగ్రీ సదివింది, నీకంటే దానికి తెలుసు అంది."

బయట ఎవరో నీళ్ళ బిందె దింపిన చప్పుడైంది.

"రబ్బరు ఉంది. దిద్దనా? కానీ ఎవరు చదివితే వాళ్ళు చెప్పిందే రాయాలన్నారు టీచరు."

సత్యవేణి పెన్ను అందుకుంది. "ఉండనీ" అని, తల్లి సంతకం అన్నచోట తన పేరు రాసింది.