పటంలో పట్టని బిడ్డ

పాత కాగితాలకు కాపలా ఉండేవాళ్ళకు కోపం ఎక్కువంటారు. నాకు ఎక్కువే. జనగామలో మా యూనివర్సిటీ నడిపే చరిత్ర భాండాగారంలోకి టీ గ్లాసుతో వచ్చిన ప్రొఫెసర్లను కూడా గుమ్మంలోనే ఆపేస్తాను. యూనివర్సిటీ పుట్టినప్పటి కాగితాలు, మహబూబాబాద్ తండాల పెళ్ళి పాటలు, భూపాలపల్లి గనుల ఫొటోలు, కాళేశ్వరం దగ్గర గోదారి పొంగినప్పటి చిత్రాలు ఇక్కడున్నాయి. పోతే మళ్ళీ దొరికేవి కావు. "భాగ్యలక్ష్మి మేడం కాడికి చేతులు కడుక్కోని పోవాలె" అని పిల్లలు నవ్వుకుంటారట. నవ్వుకోనీ.

అలాంటి నేను మొన్న తప్పులో కాలేశాను. ఈ భవనం కట్టినప్పుడు రాళ్ళు మోసిన ఆడవాళ్ళ ఫొటో ఒకటి ఉంది మా దగ్గర. సగం లేచిన గోడ ముందు వరసగా నిలబడ్డ తండా ఆడవాళ్ళు. యూనివర్సిటీ వార్షికోత్సవానికి ఆ పటాన్ని ముందు గదిలో పెట్టాం. అంత పాతవాళ్ళు ఇంకా ఎవరుంటారులే అని నేనే బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశాను. మర్నాడే అందులోని మనిషి వచ్చి ఎదురుగా నిలబడింది.

ఆమె పేరు కమ్లీ. కొడకండ్ల దగ్గరి తండా. నానమ్మ ఈ గోడకే రాళ్ళు మోసిందని తెలిసిన మనవరాలు అఖిల ఇక్కడే డిగ్రీ చదువుతోంది; పటం చూసి, వెళ్ళి తీసుకొచ్చింది. కమ్లీ దండను చూసింది, నన్ను చూసింది.

"నన్ను గూడ సంపినవా బిడ్డా?" అని పక్కున నవ్వింది.

సిగ్గుతో చచ్చిపోయి దండ తీసేశాను. ఆమె మాత్రం పటానికి ఇంకా దగ్గరగా వెళ్ళి కుడివైపు అంచు మీద వేలు పెట్టింది. అక్కడ ఒక మోచేయి, దాని నిండా తెల్లగాజులు. అంతే, మనిషి లేదు.

"గిది నా చెయ్యి. ఇంకో చంకల నా బిడ్డ జమున ఉండె. బిడ్డేది?"

అఖిల మెల్లగా అంది. "జమున మా నాయిన కంటె పెద్దది మేడం. ఈ ఫొటో తీసిన ఏడాదే జెరమొచ్చి పోయింది. మా ఇంట్ల ఆమె ఫొటో ఒక్కటి గూడ లేదు."

"మొఖం మరుస్తున్న బిడ్డా," అంది కమ్లీ. "ముక్కు యాదికొస్తది, కండ్లు రావు. గవి సూద్దామనే వచ్చిన."

పటం తిప్పి చూస్తే వెనక 'రాజలింగం పటాల దుకాణం, జనగామ' అని చీటీ. దుకాణం మా వీధి చివరే. ఇప్పుడు కొడుకు శ్రీధర్ ఫ్లెక్సీలు వేస్తున్నాడు. కబురు పంపితే పెద్దాయన రాజలింగమే కర్ర పట్టుకుని వచ్చాడు. నేను చెప్పకముందే చేతులు కడుక్కున్నాడు. ఆ ఒక్క పనికే ఆయన మీద గౌరవం కలిగింది.

"ఫొటో పెద్దగుండి పటం సాలకపోతె అంచు కోసేటోల్లం మేడం. గిది కోసింది నేనే," అన్నాడు తల వంచుకుని. "కని మనిషి మొఖమున్న ముక్కను చెత్తల ఎయ్యొద్దని మా బాపు చెప్పేటోడు. ఫొటోకు, ఎనుక అట్టకు నడుమ పెట్టి మేకులు కొట్టేటోన్ని. గిండ్ల పెట్టిన్నో లేదో యాదికి లేదు."

విప్పి చూద్దామంటే ఒక మూల తడి తగిలి ఫొటో అట్టకు అతుక్కుపోయింది. లాగితే చిరగొచ్చు. ఈ ఫొటోకు ఇంకో ప్రతి లేదు. లోపల ముక్క లేకపోతే కమ్లీకి బిడ్డా దక్కదు, నాకు ఫొటోనూ దక్కదు. ఇంకొక రోజైతే ఖరాఖండిగా కుదరదనేదాన్ని. కానీ ఆమె ఇంకా ఆ మోచేతి మీది నుంచి వేలు తియ్యలేదు. రాళ్ళు మోసిన తల్లికి తన బిడ్డను చూపించలేకపోతే ఎవరి కోసం దాస్తున్నాను ఇవన్నీ?

"విప్పు సేటూ," అన్నాను.

ఆయన మేకులు ఒక్కొక్కటే పీకాడు. సన్నటి బ్లేడు దూర్చి అట్టను కొంచెం కొంచెం లేపాడు. ఆ మూల చర్రుమంది. చూస్తే చిరిగింది ఆకాశమే, మనుషులు బాగానే ఉన్నారు. అట్ట కింద, ఫొటో వీపుకు ఆనుకుని, నిలువుగా ఒక ముక్క.

గోడ మీద వెలుతురు పడీ పడీ మిగతా ఆడవాళ్ళ ముఖాలు పాలిపోయాయి. చీకట్లో ఉన్న ఈ ముక్క మాత్రం నిన్న తీసినట్టుంది. పడుచు కమ్లీ, ఆమె చంకలో చింపిరి జుట్టు పిల్ల. పిడికిలి నోట్లో పెట్టుకుని, ఫొటో తీసేవాడి మీద కోపంగా, ఇంతింత కళ్ళేసుకుని చూస్తోంది.

కమ్లీ ముక్క మీదికి వంగి వాళ్ళ భాషలో ఏదో అంది. చాలాసేపు మాట్లాడింది. అఖిల ఏడుస్తోంది కాబట్టి అర్థం అడగలేదు. తర్వాత రాజలింగం చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"కోసి మంచిపని జేసినవ్ సేటూ. లేకుంటె నా బిడ్డ గూడ గా వెలుగుకు తెల్లగ పోతుండె."

నేనూ ఆయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

"అవ్వా, నకలు నేనుంచుకుంట. అసలుది నువ్వు తీస్కపో," అన్నాను. అది రూలుకు విరుద్ధం. ఎవరడిగినా జవాబు చెప్పుకోడానికి సిద్ధపడ్డాను.

కమ్లీ తల అడ్డంగా ఊపింది. "మా ఇంట్ల ఎలకలున్నయ్ బిడ్డా. నకలు నాకియ్యి. దీన్ని గీడనే ఉంచు, కింద పేరు రాయి. జమున అని ఒక్క కాయితంల గూడ లేదు."

పేరు రాశాను. ఆమె ఆ అక్షరాలకేసి చూసి, ముక్కను నా అరచేతుల్లో పెట్టింది.

"రాళ్ళు మొయ్యబోయినప్పుడు గూడ గీ గోడ నీడకే పండవెట్టి పోయేదాన్ని. జర సూస్తుండు."

ఇన్నేళ్ళ నౌకరీలో కట్టలు కట్టలు కాగితాలు అప్పగించారు నాకు. బిడ్డనెవరూ అప్పగించలేదు.

"సూసుకుంట అవ్వా," అన్నాను.