పిడికెడు గవ్వలు

క్యాంటీన్ గోడకి ఆ పోస్టరు అంటించింది మీరు. ఇంకెవరూ కాదు. నీలం నీళ్ల జారుడుబల్ల మీద నోరంతా తెరిచి నవ్వుతున్న పిల్ల బొమ్మ, దాని కింద ఒక ప్రశ్న: "మీ పాపకి ఈ మాత్రం చెయ్యలేరా?" చేపల కంపు పోని చేతులతో రొట్టె తింటున్న తండ్రులకి సరిగ్గా కంటి ఎత్తున పెట్టించారు. వన్నెస్ వేళ్లు తీసింది ముందు ఆ ప్రశ్న. మిషను ఆ తర్వాత.

డైరెక్టరు గారూ, మీకూ, ఫోర్‌మన్ రోంబౌట్‌కీ రాస్తున్నాను. సోమవారం పొద్దున గేటు దగ్గర అందరూ వింటుండగా ఇదే చదువుతాను. నేను గోడెలీవ్‌ని. మీ ప్యాకింగు బల్ల దగ్గర ఇరవై రెండేళ్లుగా నిలబడుతున్నాను. వన్నెస్ మా పక్కింటివాడు, మీ చేపల తోలు ఒలిచే మిషను మీద పనిచేసేవాడు.

మీ పథకం ఇదీ. జనవరి నుంచి మే దాకా ప్రతి ఆదివారం అదనపు షిఫ్టు చేస్తే వేసవిలో కుటుంబానికి వారం రోజులు స్పెయిన్‌లో హోటలు, విమానం, తిండి, అన్నీ కంపెనీవే. ఒక్క ఆదివారం తప్పినా ఏదీ లేదు.

వన్నెస్ కూతురు ఫీన్‌కి ఆరేళ్లు. ఈ తీరంలో పుట్టిన ప్రతి పిల్లా ఆడే ఆటే అదీ ఆడుతుంది. ఇసుకని గట్టుగా పోసి కొట్టు పెడుతుంది. దాని మీద ముడతల కాగితం పువ్వులు గుచ్చుతుంది. పువ్వుకి వెల గవ్వలు, అవీ పిడికిళ్ల లెక్కన. ఎవరి పిడికిలన్నది కొట్టువాళ్ల ఇష్టం. ఫీన్ కొట్లో కొలత వాళ్ల నాన్న పిడికిలి.

"అది మనిషి చెయ్యా, పారా?" అని పిల్లలు గొడవ చేసేవాళ్లు.

"మా కొట్లో ఇంతే. పోతే పో, ఆ చివర లోటె కొట్లో కొనుక్కో. దాని పువ్వులు గాలికే రాలిపోతాయి," అనేది ఫీన్.

దానికి ఆ ధైర్యం ఇచ్చిన పువ్వులు వన్నెస్ చేసినవి. చలికాలం ఆదివారాలు తండ్రీ కూతురూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని తీగకి కాగితం చుట్టేవాళ్లు. అంత మొరటు వేళ్లకి గులాబీ ఎలా వచ్చేదో నాకు ఇప్పటికీ తెలియదు. రేకు అంచుని బొటనవేలి మీద పెట్టి మధ్యవేలితో ఒక్క మెలి తిప్పేవాడు, అది విచ్చుకునేది. ఎండాకాలం, జూలై ఆగస్టు సెలవలన్నీ ఆ కొట్టే ఫీన్‌కి లోకం. సాయంత్రం పిలిస్తే వచ్చేది కాదు, ఈడ్చుకు రావాలి.

మీరు ఆ ఆదివారాలే కొన్నారు.

జనవరిలో పోస్టరు పడ్డ రోజు వన్నెస్ నా ఎదుట కూర్చుని అడిగాడు. "నువ్వేమంటావ్ అక్కా?"

"అనేదేముంది. పోయిన సెప్టెంబర్లో బడి నుంచి ఏడుస్తూ వచ్చిందట కదా నీ కూతురు. అందరూ ఎక్కడెక్కడికో వెళ్లారు, ఇదొక్కతే ఊళ్లోనే ఉందని."

"అది ఏడవలేదు. సెలవలకి ఎక్కడికెళ్లావని టీచరడిగితే, కట్ట దిగి మన సముద్రం ఒడ్డుకి అని చెప్పిందట, గొప్పగా. మిగతా తల్లులు నవ్వారు. ఏడ్చింది హిల్డా." హిల్డా అతని భార్య, రొట్టెల కొట్లో పనిచేస్తుంది.

"ఎవరేడిస్తే ఏం. ఆర్నెల్లు కూడా కాదు, చెయ్యి. పిల్ల ఒక్కసారన్నా విమానం ఎక్కొద్దా?"

ఆ మాట అన్నది నేనే. అది కూడా రాసుకోండి.

ఆ ఆదివారాలు ఎలా గడిచాయో చూసింది కూడా నేనే. ఫీన్ కాగితం చుట్టలు ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చునేది. నాన్న నాలుగింటికి వచ్చేవాడు, బూట్లు విప్పకుండా కుర్చీలోనే నిద్రపోయేవాడు. అది కాసేపు చూసి, అతని చేతిలో తీగ పెట్టి వేళ్లు మూసేది. తీగ జారి కింద పడేది. మార్చి వచ్చేసరికి పెట్టడం మానేసింది.

ఇక మిషను సంగతి. మూత తెరిస్తే మిషను ఆగాలి, దాన్ని చేసినవాళ్లు అలాగే చేశారు. ఫిబ్రవరిలో రోంబౌట్ ఆ మూత స్విచ్చికి ఒక అయస్కాంతం ముక్క టేపుతో అంటించాడు. మూత తెరిచినా మూసే ఉందని మిషను అనుకుంటుంది. "తోలు ఇరుక్కున్నప్పుడల్లా ఆగుతుంటే లారీ మన కోసం ఆగదు," అన్నాడు. అందరం విన్నాం. ఎవరం నోరెత్తలేదు. ఆదివారం పోతే హోటలు పోతుంది కదా.

ఇంకొక్క ఆదివారం మిగిలి ఉందనగా తోలు ఇరుక్కుంది. వన్నెస్ మూత తీసి చెయ్యి పెట్టాడు. నేను రెండు బల్లల అవతల ఉన్నాను. అతను అరవలేదు. "అక్కా, మిషను ఆపు," అన్నాడు, మామూలుగా. కుడిచెయ్యి, మధ్యవేలూ, పక్కదీ, చిటికెనవేలూ.

రోంబౌట్ పరుగెత్తుకొచ్చాడు. ముందు తువ్వాలు అందుకోలేదు. ముందు అయస్కాంతం పీకి జేబులో వేసుకున్నాడు. తువ్వాలు తర్వాత.

మూడో రోజు ఆసుపత్రికి ద్రాక్షపళ్ల బుట్టా, ఒక కవరూ, ఒక కాగితం పట్టుకొచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"ఇంకో ఆదివారం బాకీ ఉంది వన్నెస్. అయినా డైరెక్టరు గారు పోనీలే అన్నారు. ఇవిగో టిక్కెట్లు. ఇక్కడొక్క సంతకం."

వన్నెస్ చదివాడు. మిషను భద్రతా మూతని నేనే, నా ఇష్టప్రకారం, పని చెయ్యకుండా చేశాను అని ఉంది.

"సంతకం పెట్టే చెయ్యి ఇదీ," అని కట్టు పైకెత్తి చూపించాడు.

"ఎడం చేత్తో పెట్టు. గీత గీసినా చాలు. సాక్షిగా గోడెలీవ్ ఉందిగా."

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే విచారణ. అది తేలేదాకా టిక్కెట్లు నా దగ్గరే ఉంటాయి. ఎండాకాలం అయిపోతుంది. పాపకి నువ్వే చెప్పుకో మరి."

వన్నెస్ నా మొహం చూశాడు. వద్దు అనడానికి నాకు ఒక్క మాట చాలు. వేళ్లు ఎలాగూ రావు, పిల్లకి ఇదన్నా దక్కనీ అనుకున్నాను. అతను గీత గీశాడు. కింద నేను సంతకం చేశాను. పిల్ల కోసం అనుకునే చేశాం, ఇద్దరం. ఆ పిల్లని మాత్రం ఎవరం అడగలేదు.

హోటల్లో ఏం జరిగిందో హిల్డా చెప్పింది. మొదటిరోజు ఫీన్ జారుడుబల్ల ఒకసారి ఎక్కి దిగింది. "అయిపోయింది," అంది. తర్వాత సముద్రం దగ్గరికి వెళ్లింది. అక్కడ ఇసుకని రోజూ పొద్దున మిషనుతో దువ్వుతారు, గవ్వ అన్నది ఉండదు. భోజనాల గదిలో కాగితం రుమాళ్లు దోసిటినిండా తెచ్చి నాన్న ఒళ్లో పోసింది.

"నాన్నా, మెలి తిప్పు."

అతను ఎడంచేత్తో ప్రయత్నించాడు. చిరిగింది. ఇంకోటి. చిరిగింది. పది, పన్నెండు. చివరికి లేచి బాత్రూంలోకి వెళ్లి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచాడట. మూడోరోజు ఫీన్ తల్లిని అడిగింది. "ఇంకా ఎన్నాళ్లుండాలి ఇక్కడ? నాన్న చెయ్యి బాగయ్యేదాకానా?" అది ఆసుపత్రే అనుకుంది పిల్ల. మణికట్టుకి కాగితం పట్టీ కట్టారు, అడక్కుండా తిండి పెడుతున్నారు, ఇంకేమనుకుంటుంది.

ఆగస్టు మధ్యలో తిరిగొచ్చారు. మర్నాడు పొద్దున్నే ఫీన్ పార తీసుకుని కట్ట దిగింది. నేనూ వన్నెస్ పైన బెంచీ మీద కూర్చున్నాం. గట్టు మీద ఐదంటే ఐదు పువ్వులు. వాటిని పిల్లే చేసుకుంది. నలిగిన ముద్దలు, గాలికి తలలు వాల్చేస్తున్నాయి. అయినా దాని మొహం చూడాలి మీరు. వారం రోజుల హోటలు ఇవ్వలేనిది ఆ తడి ఇసుక గంటలో ఇచ్చింది. ఒంటికాలి మీద గెంతుతూ అరుస్తోంది, కొట్టు తెరిచాం, కొట్టు తెరిచాం అని. హిల్డా ఫొటో తీసింది.

నూర్ అనే పిల్ల బకెట్టుతో వచ్చింది.

"ఈ ఎర్రది ఎంత?"

"పిడికెడు. నాన్న పిడికిలి." ఫీన్ పైకి చూసి కేకేసింది. "నాన్నా, కొలవడానికి రా."

వన్నెస్ కదల్లేదు. అది మళ్లీ పిలిచింది. అతను దిగాడు. ఎడం చెయ్యి చాపాడు.

"అది కాదు, కొలిచే చెయ్యి," అంది ఫీన్.

జేబులోంచి కుడిచెయ్యి తీశాడు. నూర్ దాని మీద గవ్వలు పోసింది. మూయడానికి వేళ్లు లేవు. గవ్వలు పక్కనించి జారి ఇసుకలో పడుతున్నాయి. నూర్ వంగి ఏరి మళ్లీ పోసింది, మళ్లీ జారాయి. చివరికి అరచేతిలో నాలుగు మిగిలాయి.

"ఇంతేనా పిడికెడంటే?" అంది నూర్.

ఫీన్ ఆ నాలుగింటినీ చూసింది. నాన్న మొహం చూసింది. "మా కొట్లో ఇంతే," అంది, పువ్వు తీసి ఇచ్చేసింది. సాయంత్రానికి ఐదు పువ్వులూ ఇరవై గవ్వలకి అమ్ముడుపోయాయి. కొట్టు మూసేటప్పుడు, రేపు పెట్టను, అంది. ఆ తర్వాత ఇవాళ్టిదాకా పెట్టలేదు.

ఆ రాత్రి వన్నెస్ గోడ అవతల్నించి అడిగాడు. "అక్కా, ఆ కాగితం వెనక్కి తీసుకోవచ్చంటావా?"

నేను తేల్చి చెప్పేలోపే, మర్నాడే మీ జవాబు వచ్చింది. భద్రతా నియమాలు కావాలని మీరినందుకు ఈ నెలాఖరుతో ఉద్యోగం లేదని ఉత్తరం. ఆధారం అతని గీత, నా సంతకం. అదే వారం రోంబౌట్ నా బల్ల దగ్గరికి వచ్చి, నెమ్మదిగా, "ఆ ఫీన్ నవ్వుతున్న ఫొటో ఒకటి అడిగి పట్రా, వచ్చే ఏడు పోస్టరుకి," అన్నాడు. తోలు ఒలిచే మూడో మిషను మూత స్విచ్చి మీద ఈపాటికి కొత్త టేపు పడింది. నిన్న నా కళ్లతో చూశాను.

ఫొటో ఉంది. తడి ఇసుకలో, పార పట్టుకుని, ముందుపళ్లు లేని నోరు తెరిచి నవ్వుతోంది. అది మీకు దొరకదు.

నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. అది అబద్ధం, చేసినప్పుడే అబద్ధమని నాకు తెలుసు. కార్మిక తనిఖీ అధికారి ముందు ఈ మాటే చెప్తాను, దానికి నాకు పడే శిక్ష పడనివ్వండి. బల్లల దగ్గర నిలబడ్డవాళ్లందరికీ చెప్తున్నాను, విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు మీరూ వచ్చి చెప్పండి. టేపు పీకేదాకా ఆ మిషను దగ్గరికి ఎవరూ వెళ్లొద్దు. ఆదివారం ఎవరూ గేటు దాటొద్దు. పిల్లలకి మీ హోటలు అక్కర్లేదు, వాళ్ల ఆదివారాలు వాళ్లకి కావాలి.

డైరెక్టరు గారూ, సోమవారం షిఫ్టు గంట కొట్టేలోపు ఆ ఉత్తరం రద్దు చెయ్యండి, ఆ కాగితం మా ముందు చింపండి, పోస్టరు మీ చేత్తో మీరే పీకండి. రోంబౌట్, ఆ రోజు జేబులో వేసుకున్నది తీసి బల్ల మీద పెట్టు.