అగ్రిగేట్ మీద గెలిచినవాళ్ళు

హార్బరు పక్క వన్‌టౌన్‌లో పాత పోస్టాఫీసు వెనక సందులో జలీల్‌కి తార్పాలిన్లు కుట్టే కొట్టుండేది. ఎండకీ వానకీ చిరిగిన ఓడల తార్పాలిన్లన్నీ అక్కడికే వచ్చి పడేవి. ఊరంతా క్రికెట్టు స్కోరు అడుగుతుంటే ఆ కొట్లో మాత్రం ఫుట్‌బాల్లో లివర్‌పూల్ ఏమైంది, మాడ్రిడ్ ఏం చేసింది అని అడిగేవారు. ఆ ఊళ్ళు మ్యాపులో చూపించమంటే ఒక్కరికీ చేతకాదు. ఆ దేశాల ఓడలే కళ్ళముందు వచ్చి పోతుంటే మ్యాపుతో పనేముంది?

పేపరు చదివే అధికారం జలీల్‌ది. ఎనిమిదో క్లాసు దాకా ఇంగ్లీషు చదివాడు మరి. వినేవాళ్ళు ఇద్దరు. పోర్టులో ఓడల సరుకు ఎత్తే వించి నడిపే సన్యాసిరాజు ఒకడు, కాంక్రీటు మేస్త్రి గవర్రాజు ఒకడు. పని దిగి, మొహాన ఎర్ర దుమ్ము కడుక్కుని, టీ గ్లాసులు పట్టుకుని తార్పాలిన్ల మడతల మీద చేరగిలబడితే చాలు, సగం యూరప్ ఆ సందులోకి వచ్చేసేది.

ఎనభై ఒకటి ఏప్రిల్ నెలాఖర్లో ఒక సాయంత్రం జలీల్ ముక్కు మీదికి కళ్ళజోడు జార్చి పేపరు విప్పాడు.

"లివర్‌పూలు ఫైనల్‌కెల్లిపోయింది. మ్యూనిక్‌లో ఒకటి-ఒకటి."

"డ్రా సేసుకుని ఫైనలేటి?" అన్నాడు గవర్రాజు. దేనికైనా ముందు అడ్డం పడటం అతని అలవాటు.

"ఆల్ల రూల్సు ఆల్లవి. నీకెందుకు? ఇదిగో, రాజు బావ టీము కూడా ఉంది."

రాజు బావంటే సన్యాసిరాజు, అతని టీము టిబిలిసి. అంతకు రెండేళ్ళ కిందట రష్యా ఓడలో వచ్చిన నావికుడెవరో సన్యాసిరాజు చొక్కాకి ఆ క్లబ్బు బిళ్ళ గుచ్చి పోయాడు. ఆ రోజు నుంచి అది అతని సొంత టీము. జలీల్ వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాడు. హాలెండులోని రాటర్‌డామ్‌లో రెండు-సున్నా ఓడిపోయారట. కానీ మూడు-రెండు గెలిచి ఫైనల్‌కి వెళ్ళారట. ఆన్ అగ్రిగేట్.

"అగ్రిగేటా?" గవర్రాజు గ్లాసు కింద పెట్టాడు. "కంకరా?"

అగ్రిగేట్ అంటే కంకర. అందులో ఆ కొట్లో ఎవరికీ అనుమానం లేదు. ఔటర్ హార్బరు కట్టే రోజుల్లో ముగ్గురూ కాంక్రీటు యార్డులోనే పనిచేశారు. ఇరవై ఎమ్మెమ్ అగ్రిగేట్, నలభై ఎమ్మెమ్ అగ్రిగేట్ అని ఇంజనీర్లు అరుస్తుంటే పొద్దుగూకేదాకా వాటి గుట్టల మధ్యే తిరిగారు. టిబిలిసివాళ్ళకి అదే హాలెండువాళ్ళతో అంతకు ముందు ఇంకో ఆట జరిగిందన్న సంగతి వీళ్ళకి తెలీదు. ఆ వేళ పేపరు దొరకలేదు. కాబట్టి లెక్క తేలిపోయింది. టిబిలిసివాళ్ళు గడ్డి మీద ఓడారు, మళ్ళీ కంకర మీద ఆడి గెలిచారు.

"ఇరవై ఎమ్మెమ్మేనా, నలభయ్యా?" అన్నాడు గవర్రాజు.

"అది రాయలేదు."

"నలభయ్యయితే కాలు నిలవదు. ఆ హాలెండోల్లకి మెత్తటి కాల్లు, అందుకే ఓడిపోనారు."

వాళ్ళు కంకర సైజు గురించి కొట్టుకుంటుంటే సన్యాసిరాజు ముందుకు జరిగాడు. "అయితే కీపరు దూకాడంతావా?" అన్నాడు. అతని ప్రశ్న ఎవరూ వినిపించుకోలేదు.

ఆ ప్రశ్న ఏడేళ్ళ నాటిది. డెబ్బై నాలుగులో యార్డు టీముకి, వర్క్‌షాపు టీముకి ఫైనలు జరిగింది. ఆడిందేమో యార్డు చివర, మిగిలిన కంకర పరిచిన జాగాలో. సన్యాసిరాజు గోలీ, అంటే గోలు కాసే కీపరు. ఆఖరి నిమిషంలో ఎడమ మూలకి బంతి నేలబారుగా వచ్చింది. దూకాలి. సన్యాసిరాజు కంకర వంక చూశాడు, బంతి వంక చూశాడు, నిలబడిపోయాడు. బంతి పోయింది, కప్పు పోయింది. బ్యాకు ఆడుతున్న జలీల్ వెళ్తూ వెళ్తూ, "దూకితే దొరికీది," అన్నాడు. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. మర్నాటికి అనేసిన సంగతి కూడా మరిచిపోయాడు. సన్యాసిరాజు మరవలేదు. ఏడేళ్ళుగా రోజూ ఆ కొట్టుకి వస్తాడు, జలీల్ చేత్తో ఇచ్చిన టీ తాగుతాడు, లోపల ఆ ముక్క ముల్లులా కదులుతూనే ఉంటుంది. దూకితే నిజంగా దొరికేదా? తాను పిరికివాడా, కాదా? అడిగితే ఏం చెబుతాడోనని భయం.

అందుకే ఆ అగ్రిగేట్ వార్త అతన్ని పట్టుకుంది. వించి దగ్గర నిలబడి నెల్లాళ్ళు అతను రాటర్‌డామ్‌లోనే గడిపాడు. ఇనుప తాడు పైకి లేస్తుంటే, సముద్రం మీద ఎండ మెరుస్తుంటే, కళ్ళు తెరిచే కలగనేవాడు. అక్కడ ఆకాశం ఉతికి ఆరేసిన తార్పాలిన్ రంగులో ఉంటుంది. లారీలు వరసగా వచ్చి పచ్చటి గడ్డి మీద కంకర దింపుతాయి. హాలెండువాళ్ళు కాళ్ళు ఎత్తెత్తి వేస్తుంటారు. టిబిలిసి గోలీకి మొహం ఉండదు, నల్లచొక్కా మాత్రం ఉంటుంది. ఎడమ మూలకి ఒక బంతి వస్తుంది. గోలీ కంకర వంక చూస్తాడు, బంతి వంక చూస్తాడు, నిలబడిపోతాడు. ఇంకోటి వస్తుంది. మళ్ళీ నిలబడతాడు. రెండు గోల్సు. అయినా ఎవడూ ఏమీ అనడు. కెప్టెన్ నడిచొచ్చి, గోలీ భుజం మీద చెయ్యేసి, కంకర మీద అంతేనోయ్ అంటాడు. ఆ మాట సన్యాసిరాజుకి తెలుగులోనే వినపడేది.

సరుకు గాలిలో ఆగిపోయిందని కింద నుంచి కళాసీలు కేకలేస్తే ఉలిక్కిపడి వించి లీవరు లాగేవాడు. "మద్దేన్నం నిద్దట్లో నవ్వుతన్నావేటి?" అని భార్య అసిరమ్మ అడిగింది ఒకరోజు. ఫైనల్లో టిబిలిసి రెండు-ఒకటి గెలిచిందని పేపర్లో వచ్చినప్పుడు జలీల్ అందరికీ మిఠాయి పంచాడు. సన్యాసిరాజుకి ఆ కప్పు కన్నా ఆ కంకరే ముఖ్యం. ఇన్నాళ్ళకి ప్రపంచంలో తనలాంటివాడు ఒకడు దొరికాడు.

జూన్ మొదట్లో రష్యా ఓడ ఒకటి వచ్చింది. చిరిగిన తార్పాలిన్ భుజాన వేసుకుని, వల సంచీలో బంతి వేలాడేసుకుని, పొడుగాటి నావికుడొకడు జలీల్ కొట్లోకి వంగి వచ్చాడు. పేరు వాకో. సన్యాసిరాజు జేబు మీద బిళ్ళ చూసి, "టిబిలిసి! మై సిటీ!" అని అతన్ని అమాంతం కావలించుకున్నాడు. టీ వచ్చింది. వచ్చీరాని ఇంగ్లీషులో జలీలూ అతనూ ఆ కప్పంతా మళ్ళీ ఆడారు.

సన్యాసిరాజు ఓపిక పట్టలేకపోయాడు. "జలీల్ బావా, అడుగు. కంకర మీద కీపరు దూకాడా, నేదా అడుగు."

జలీల్ అడిగాడు. వాకోకి అర్థం కాలేదు. గవర్రాజు వీధిలోకి పరిగెత్తి రెండు కంకర రాళ్ళు తెచ్చి చూపించాడు. "అగ్రిగేట్! అగ్రిగేట్!" అన్నాడు. వాకో రాళ్ళ వంక చూశాడు, మనుషుల వంక చూశాడు, పగలబడి నవ్వాడు. జలీల్ చేతిలోని సుద్దముక్క తీసుకుని తార్పాలిన్ మీద రాశాడు. టిబిలిసిలో ఆట, మూడు-సున్నా. దాని కింద రాటర్‌డామ్‌లో ఆట, సున్నా-రెండు. కింద గీత గీసి, రెండూ కలిపి మూడు-రెండు అని వేశాడు. "దిస్ ప్లస్ దిస్. అగ్రిగేట్." తర్వాత అరచెయ్యి గాలిలో మెత్తగా ఆడించి చూపించాడు. అక్కడంతా గడ్డి. పచ్చటి గడ్డి.

జలీల్ నవ్వాడు. గవర్రాజు తార్పాలిన్ మీద పడి దొర్లి నవ్వాడు. సన్యాసిరాజుకి నవ్వు రాలేదు. నల్లచొక్కా గోలీ ఎక్కడికో వెళ్ళిపోయాడు. లారీలూ కంకరా అన్నీ వెళ్ళిపోయాయి. మళ్ళీ తానొక్కడే మిగిలాడు. ఇక దాచుకోవడం అతనివల్ల కాలేదు.

"దూకితే దొరికీదని అన్నావు," అన్నాడు జలీల్‌తో. "ఏడేల్లయింది. నాను పిరికోన్నేనా బావా?"

జలీల్ నవ్వు ఆగిపోయింది. ముందు అతనికి గుర్తు రాలేదు. గుర్తొచ్చాక మొహం నల్లబడింది. "యా అల్లా! ఆ మాట ఇంకా మోస్తన్నావా?"

"నాకు తేలాలి. ఈయన్ని బంతట్టుకుని యార్డుకి రమ్మను."

నలుగురూ రిక్షాల్లో యార్డుకి వెళ్ళారు. పని ఎప్పుడో అయిపోయింది, గేటు లేదు, జనం లేరు. డాల్ఫిన్స్ నోస్ కొండ నీడ నీళ్ళ మీదికి సాగి, ఎండ పసుపు రంగుకి తిరిగింది. మూల నుంచి మూల వరకూ కంకర అలాగే ఉంది. గవర్రాజు రెండు రాళ్ళ కుప్పలు పేర్చి గోలు గుర్తు పెట్టాడు. సన్యాసిరాజు చెప్పులు విప్పి మధ్యలో నిలబడ్డాడు. ఎక్కణ్ణుంచి కొట్టారో, ఎలా వచ్చిందో జలీల్ చోటు చూపించి మరీ వాకోకి చెప్పాడు.

వాకో కొట్టాడు. ఎడమ మూలకి, నేలబారుగా.

ఈసారి సన్యాసిరాజు కంకర వంక చూడలేదు. దూకాడు. పొట్టి చేతులు సాగినంత సాగాయి, మోచెయ్యి రాళ్ళ మీద గీసుకుపోయింది, కడుపు నేలకి కొట్టుకుంది. బంతి అతని వేళ్ళకి మూరెడు అవతల నుంచి కుప్ప పక్కగా గోల్లోకి పోయింది.

"అప్పుడంటే వొయసులో ఉన్నాడు గానీ…" అని గవర్రాజు మొదలుపెట్టాడు. జలీల్ ఒక్క చూపు చూసేసరికి నోరు మూసుకున్నాడు.

జలీల్ వచ్చి కంకరలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "దూకినా దొరకదు బావా," అన్నాడు. "మూరెడు తేడా. ఆ రోజూ దొరకదు. నాను తప్పు కూసాను. నన్ను మాఫ్ సెయ్యి."

సన్యాసిరాజు బోర్లా పడుకునే ఏడ్చాడు. ఏడేళ్ళ బరువు ఆ రాళ్ళ మీద దిగిపోతోంది. జలీల్ అతన్ని లేపి కూర్చోబెట్టి, మోచేతిలో గుచ్చుకున్న కంకర నలుసులు వేళ్ళతో ఒక్కొక్కటే తీయసాగాడు. వాకో తన రుమాలు తడిపి తెచ్చాడు.

"ఏం సైజు?" అన్నాడు సన్యాసిరాజు, కళ్ళు తుడుచుకుంటూ.

"ఇరవై ఎమ్మెమ్ లోపే," అన్నాడు గవర్రాజు మేస్త్రిలా వంగి చూసి.

సన్యాసిరాజు నవ్వాడు. "అయితే జలీల్ బావా, అగ్రిగేట్ మీద ఆడినోల్లు ఈ లోకంలో ఎవులు?"

"మనమే బావా," అన్నాడు జలీల్, ఇంకో రాయి తీస్తూ.