కారణం గడి

దేవరాజు బోర్డు మీద సుద్దముక్కతో రెండు దేశాలకు రెండు గడులు గీశాడు. మొదటిదానిలో ఏడాదికి మూడు వందల హత్యలు, జనాభా మూడు కోట్లు. రెండోదానిలో ముప్పై హత్యలు, జనాభా పది లక్షలు. టెక్కలిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇరవై ఆరేళ్లుగా స్టాటిస్టిక్స్ చెబుతున్నాడు. ఏటా ఇదే లెక్క. ఎడమ చేతి మీద డయాలసిస్ సూదుల కోసం చేసిన ఉబ్బు కనపడకుండా చొక్కా చెయ్యి మణికట్టు దాకా దించి గుండీ పెట్టుకుంటాడు.

"లక్షకు ఒకటి, లక్షకు మూడు. ప్రమాదం ఏ దేశంలో?"

"రెండోదాంట్లో," అన్నారందరూ.

మొదటి బెంచీలో గౌతమి చెయ్యెత్తింది. "సార్, మొదటి దేశపోళ్లు కొన్నింటిని హత్య అని రాయకపోతే ఏటవుద్ది?"

ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. దేవరాజు సుద్దముక్క బల్ల మీద పెట్టాడు. "లెక్క తగ్గుద్దమ్మా, సావు తగ్గదు," అని కూర్చున్నాడు. ఆ రోజు ఇంక పాఠం చెప్పలేకపోయాడు.

సాయంత్రం బస్సు దిగి కవిటి దగ్గర తన ఊరికి నడిచాడు. ఊరి బాప్తిస్టు సంఘానికి కార్యదర్శి తనే. మరణాల పుస్తకం ఇంట్లోనే ఉంటుంది. కిడ్నీలు చెడి చనిపోయినా, కొబ్బరిచెట్టు మీంచి పడి చనిపోయినా కారణం గడిలో 'ప్రభువునందు నిద్రించెను' అనే రాయాలి. పెద్దల ఆనవాయితీ అది. ఇరవై రెండేళ్ల కిందట చెల్లెలు లిల్లీని మొగుడు రోకలితో కొట్టి చంపాడు. సంఘం పరువు పోతుందని, జారిపడిందని అందరూ ఒకే మాట చెప్పారు. దేవరాజూ చెప్పాడు. ఆ గడిలో ఆ రెండు ముక్కలూ తన చేత్తోనే రాశాడు. అప్పటినుంచి అతను తనను తాను మన్నించుకోలేదు.

ఇప్పుడు పుస్తకం తీసి, ఆ ముక్కలు కొట్టేసి, 'భర్త కొట్టగా చనిపోయెను' అని రాసి, తేదీ వేసి, సంతకం చేసి, కలం ఆ పేజీలోనే ఉంచి మూశాడు.

"ఆడు పోయి కూడా పదేళ్లయిపోనాది. ఇప్పుడెందుకండీ?" అంది భార్య నయోమి, గుమ్మంలో నిలబడి.

"లెక్కలోకి రావాల కదే, నయోమీ."

అతను గంజి తాగి, పెందలాడే పడుకున్నాడు. తెల్లవారి ఆమె పిలిస్తే లేవలేదు.

సమాధి అయ్యాక కొత్త కార్యదర్శి శామ్యూల్ పుస్తకం తెరిచాడు. కలం ఉన్నచోట లిల్లీ పేజీ విచ్చుకుంది. రెండుసార్లు చదివాడు. ఆ కలమే తీసుకుని చివరి పేజీలో దేవరాజు పేరు రాశాడు. కారణం గడి దగ్గర చెయ్యి ఆగింది. పెద్దలు చూస్తుండగానే 'కిడ్నీ జబ్బు' అని రాశాడు. ఎవరూ కాదనలేదు.

కలాన్ని మళ్లీ లిల్లీ పేజీలోనే పెట్టి పుస్తకం మూశాడు. బీరువాలో మిగతా పుస్తకాల మధ్య అదొక్కటీ సరిగ్గా మూసుకోలేదు.