బెర్తిల్డా కుట్టిన తెరలు

బొగొటాలో పెద్ద హోటళ్ళ కిటికీ తెరలు చాలామటుకు బెర్తిల్డా చేతి కుట్టే. పొద్దున ఏడింటికి మిషను ముందు కూర్చుందంటే మధ్యాహ్నం దాకా లేవదు, నోరు విప్పదు. మనసులో అనుకున్నవి మాత్రం గుడ్డలోకి దిగిపోతాయి. ఆ తెర ఎవరు లాగినా ఆమె గొంతు వినపడుతుంది. హోటళ్ళవాళ్ళకు కుచ్చులు సమంగా పడితే చాలు, తక్కిన గొడవ పట్టదు.

యాభై ఎనిమిదో ఏట ఆమెకు పెళ్ళి కుదిరింది. వరుడి పేరు ఎవరిస్తో, భార్య పోయి ఇరవయ్యేళ్ళయిన రిటైర్డ్ బస్సు డ్రైవరు. నిరుడు మోకాలు విరిగి మంచాన పడితే, ఒకప్పుడు ఆయన బస్సెక్కే బెర్తిల్డా రోజూ బంగాళాదుంపల సూప్ తెచ్చిపెట్టింది. లేచి కర్ర పట్టుకున్న రోజునే ఆయన పెళ్ళి మాట ఎత్తాడు. "మీ ఇష్టం" అంది. అంతే! చర్చి ఏదంటే మీ ఇష్టం, కేకు ఏదంటే మీ ఇష్టం. పాపం, జాలిపడి ఒప్పుకుందేమోనని ఆయనకు ఒకటే గుబులు.

తోటి డ్రైవర్లు పెళ్ళిరాత్రికి ఖరీదైన హోటల్లో గది కానుకిస్తామన్నారు, ఎక్కడన్నది మీరే చూసుకోమన్నారు. శనివారం ఇద్దరూ బయల్దేరారు. ఈసారి కూడా ఆమె మనసు తెలియకపోతే, పెళ్ళి వద్దని తనే చెప్పేయాలనుకున్నాడు ఎవరిస్తో.

మొదటి హోటల్లో గోడలకు సున్నమైనా వేయలేదు, అదే అందమట. కుళాయి ఎక్కడుందో ఇద్దరూ వెతుక్కోవాల్సొచ్చింది. తెర లాగితే, ఈ బూడిద రంగు ఏ మహానుభావుడు ఎంచాడో అని బెర్తిల్డా గొంతు గొణిగింది. రెండో చోట కుర్చీలు చూడ్డానికి ఎంత బాగున్నాయో, కూర్చున్న ఎవరిస్తోని లేపడానికి ఇద్దరు పట్టారు. అక్కడి తెర నాసిరకం దారాన్ని తిట్టింది. ఎలా ఉందని అడిగితే మళ్ళీ మీ ఇష్టమే.

మూడో హోటల్ చూడగానే నచ్చేసింది. చెక్క గోడలు, ఉన్ని దుప్పట్లు, కిటికీ నిండా కొండ. కానీ బెర్తిల్డా గది గుమ్మంలోనే ఆగిపోయింది. ఈ తెరలు పన్నెండేళ్ళ కిందటివి, పాతబడ్డాయి, ఇంకెక్కడికైనా పోదామంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. గది చూపించే అమ్మాయి అప్పటికే తెర లాగేసింది.

"ఇవాళా మూడు బస్సులు వదిలేశాను" అంది తెర. "ఎవరిస్తో బండి రాలేదు. ఒంట్లో బాగోలేదేమో, ఎవర్నని అడగను? రేపు కూడా ఆయన బండి వచ్చేదాకా ఎక్కను."

ఎవరిస్తో మంచం అంచున కూలబడ్డాడు. అమ్మాయి కుచ్చులు సర్ది, గది నచ్చిందా అని అడిగింది. ఇదే రాసుకోమన్నాడు. ఆ అమ్మాయి రాసుకుని వెళ్ళిపోయింది.

"పన్నెండేళ్ళు!" అన్నాడు. "అన్నిసార్లు నా బండి ఎక్కారు కదా, ఒక్క మాట చెప్పకూడదూ?"

బెర్తిల్డా తల దించుకుంది. "డ్రైవరుతో మాట్లాడరాదని బస్సులో రాసుంది కదండీ."

ఎవరిస్తో నవ్వబోయాడు, కళ్ళనీళ్ళు వచ్చేశాయి. పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు.

"బండి ఆగి ఉంది" అన్నాడు. "ఇక చెప్పండి."

బెర్తిల్డా వచ్చి పక్కన కూర్చుని, నోరు తెరిచి చెప్పడం మొదలుపెట్టింది.