జగన్మోహన్ సారు తప్పు రాసిన రోజు

అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లకు కొదవ లేదు గానీ, జగన్మోహన్ సారు బోర్డు లాంటిది ఇంకోటి లేదు. దాని మీద రెండు చోట్ల మధ్య ఎంత దూరమని రాస్తే, తుడిచేదాకా అంతే దూరం ఉంటుంది. చిక్కడపల్లి, నారాయణగూడలో ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసీ లాభం లేదు. సారు మహా మొండివాడు. ఇరవై రెండేళ్లుగా పాఠం చెబుతున్నా ఒక్క తప్పు అంకె రాయలేదు.

"సార్, కాచిగూడ స్టేషన్ ఒక కిలోమీటరని జర రాయరాదు? ట్రాఫిక్‌తోని పరేషాన్ అయితున్న," అని ఆటో బాలప్ప రోజూ తలుపు దగ్గర నిలబడి అడుగుతాడు.

"మూడు కిలోమీటర్లు," అంటాడు సారు, తల కూడా తిప్పకుండా.

ఆ జనవరి ఉదయం పదకొండున్నరకు సారు బోర్డు మీద 'హైదరాబాదు నుంచి ఢిల్లీకి విమానంలో సుమారు 1,250 కి.మీ., రెండు గంటల పది నిమిషాలు' అని రాసి చాక్‌పీసు దించాడు. అంతలో ఈదయ్య సిమెంటు చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. పాలమూరు నుంచి వచ్చి పక్క గల్లీలో స్లాబు పని చేస్తున్నాడు. అతని కూతురు మనీష సారు దగ్గరే చదివింది. ఆ రోజే ఢిల్లీలో ఆమెకు పెద్ద ఉద్యోగానికి ఇంటర్వ్యూ.

"సార్, నిన్నటి విమానం పొగమంచుకు క్యాన్సిలయింది. ఇయ్యాల్టిది గూడ ఇప్పుడే లేస్తదంట. విమానంల కూసున్న బిడ్డ ఫోన్ల ఒకటే ఏడుపు. ఒంటిగంటకు ఇంటర్వ్యూ కాడ గేటు బంద్ పెడ్తరట. ఇదే ఆఖరి చాన్సు."

సారు లెక్క వేశాడు. విమానం దిగేసరికే ఒకటీ నలభై అవుతుంది. మనీష మూడేళ్లు మొదటి బెంచీలో కూర్చుంది. కరెంటు పోతే ఫోను లైటు పెట్టుకుని నోట్సు రాసుకునేది. సారు డస్టర్ అందుకున్నాడు. పాత అంకెలు తుడిచేసి '250 కి.మీ., అరగంట' అని రాశాడు.

"సార్, తప్పు," అన్నారు పిల్లలంతా.

"తప్పే. మీరు రాసుకోకుండ్రి."

కిటికీలోంచి ఢిల్లీ చలి వచ్చి పడింది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా పొగమంచు కమ్మింది. చిక్కడపల్లి పెద్దమనుషులు మంకీ క్యాపులు పెట్టుకుని, సారు దేన్నో దగ్గరికి జరిపినట్టుందని ఇంకో చాయ్ చెప్పుకున్నారు.

పన్నెండూ యాభైకి ఈదయ్య ఫోను మోగింది. "గేటు లోపటికి వచ్చిన నాయినా," అంది మనీష. సారు వెంటనే సరైన అంకెలు రాసి, కుర్చీలో కూలబడి గ్లాసెడు నీళ్లు తాగాడు.

ఉద్యోగం వచ్చింది. మనీష తండ్రిని వెంటబెట్టుకుని మిఠాయి డబ్బాతో క్లాసుకొచ్చింది.

"ఇంటర్వ్యూల ఏమడిగిండ్రు?" అన్నాడు సారు.

"హైదరాబాదు నుంచి విమానంల ఎంతసేపు పడ్తదని సార్."

సారు మిఠాయి డబ్బా పక్కన పెట్టాడు. "నువ్వేం చెప్పినవ్?"

"రోజూ అయితే రెండు గంటల పది నిమిషాలు, మా సారు తలుచుకున్ననాడు అరగంట అని చెప్పిన."

సారు బోర్డు వంక చూశాడు. "రెండూ రైటే," అన్నాడు. ఒక ప్రశ్నకు రెండు జవాబులు ఒప్పుకోవడం ఆయనకు అదే మొదలు. ఈదయ్య ఆయన చేతులు పట్టుకుని వదల్లేదు.

తలుపు దగ్గర బాలప్ప దగ్గాడు. "అయితే సార్, మన కాచిగూడ..."

"మూడు కిలోమీటర్లు," అన్నాడు సారు కళ్లు తుడుచుకుంటూ. "నీ ఆటోల ఎవరన్న ఆఖరి చాన్సోళ్లు ఎక్కితే చెప్పు, అప్పుడు జూద్దాం."